అమ్మోనియా నుండి ఉదజని ఇంధనము: లాభనష్టముల లెక్క

(కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



మీలో యూరియా బస్తా నెత్తనివారు అరుదుగా నుందురు. 2025వ సంవత్సరపు వానాకాలపు సాగులో ఆ బస్తా కొరకు తెలంగాణమంతట రైతులు తెల్లవారక మునుపే దుకాణముల యెదుట వరుసలు కట్టిరి. తాము నిలువలేక పట్టాదారు పుస్తకములను, చెప్పులను వరుసలో నుంచి చెట్టు నీడకు పోయినవారును కలరు. ఆ బస్తాకు తల్లి అమ్మోనియా.

ఇప్పుడు ఆ అమ్మోనియాను గూర్చియే మరియొక మాట వినవచ్చుచున్నది. దానిని విడగొట్టినచో హైడ్రోజను, అనగా ఉదజని, వచ్చుననియు, ఆ ఉదజనితో లారీలు, మోటార్లు, విద్యుత్ యంత్రములు నడచుననియు, పొగలేని ఇంధనము ఇదియే యనియు చెప్పుచున్నారు. ఈ మాటలో అసత్యము లేదు. కాని సాధ్యమైన ప్రతి పనియు లాభసాటి పని కాదు. ఈ భేదమును గూర్చియే నేడు మీతో ముచ్చటింప దలచితిని.

ఏ కొత్త కర్మాగారము వచ్చినను, ఏ కొత్త పథకము వచ్చినను, దానికి కావలసిన భూమి, నీరు, దారి గ్రామములోనివే. గ్రామము తరపున ప్రశ్నింపవలసినవారు మీరు. కావున ఈ వ్యవహారమును పండితుల భాషలో గాక, కల్లములో ధాన్యము కొలిచినట్లు కొలిచి చూపుటకు ప్రయత్నించెదను. పెట్టినది ఎంత? చేతికి వచ్చినది ఎంత? నడుమ పోయినది ఎంత? ఈ మూడు ప్రశ్నలే మనకు కొలపాత్రలు.

అమ్మోనియా పుట్టుక

మన చుట్టునున్న గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని. పైరు ఆ గాలి నడుమనే పెరుగుచున్నను దానిని నేరుగా గ్రహింపజాలదు. కంది, పెసర వంటి పప్పుజాతి పైరులకు వేరు బుడిపెలలోని సూక్ష్మజీవులు ఆ పని చేసిపెట్టును. వరికి, మొక్కజొన్నకు, చెరకునకు నత్రజనిని మనమే అందీయవలెను. 1909లో జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు ఫ్రిట్జ్ హాబర్ గాలిలోని నత్రజనిని ఉదజనితో కలిపి అమ్మోనియా చేయు విధానమును ప్రదర్శించెను. కార్ల్ బాష్ అను ఇంజనీరు దానిని పరిశ్రమగా రూపొందించెను. 1913లో ఓపావు అను చోట తొలి కర్మాగారము పనిచేయసాగినది. నేటికిని లోకములోని అమ్మోనియా దాదాపుగా ఈ విధానముననే తయారగుచున్నది.

17 కిలోల అమ్మోనియాలో 14 కిలోలు నత్రజని, 3 కిలోలు ఉదజని. నత్రజని గాలిలో ఊరకే దొరకును. ఉదజని అట్లు దొరకదు. దానిని బొగ్గునుండి గాని, సహజవాయువునుండి గాని, నీటినుండి గాని విడదీయవలెను. అమ్మోనియాకు అగు ఖర్చులో సింహభాగము ఈ ఉదజనిదే.

మన రామగుండము చరిత్ర ఇందుకు సాక్ష్యము. భారత ఎరువుల సంస్థ అచ్చట బొగ్గునుండి ఉదజని తీసి అమ్మోనియా, యూరియా చేయు కర్మాగారమును నిర్మించినది. 1980లో ఉత్పత్తి ఆరంభమైనది. బొగ్గు గనులు చేరువ, గోదావరి చేరువ. అయినను ఆ కర్మాగారము నష్టములపాలై 1999లో మూతపడినది. ఆ స్థలముననే రామగుండం ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ సంస్థ కొత్త కర్మాగారమును నెలకొల్పి 2021 మార్చిలో ఉత్పత్తి ప్రారంభించినది. దాని సామర్థ్యము దినమునకు 2,200 టన్నుల అమ్మోనియా, 3,850 టన్నుల యూరియా. ఇది కాళ్ల దగ్గరి బొగ్గుపై గాక, దూరమునుండి గొట్టముల ద్వారా వచ్చు సహజవాయువుపై ఆధారపడినది. ఉదజని ఏ దారిన చౌకగాను, ఎడతెగకను వచ్చునో ఆ దారిననే అమ్మోనియా బ్రతుకునని దీనివలన గ్రహింపవచ్చును. వాయువు వెల పెరిగినచో అమ్మోనియా వెలయు పెరుగును. ఉక్రెయిన్ యుద్ధము మొదలైన 2022లో అంతర్జాతీయ విపణిలో అమ్మోనియా టన్ను 1,000 డాలర్లను దాటుటకు కారణమిదియే.

ఇప్పటి కొత్త యత్నము నీటినుండి ఉదజని తీయుట. సూర్యరశ్మివలన, గాలివలన పుట్టిన విద్యుత్తును నీటిలో ప్రవహింపజేసి ఉదజనిని, ప్రాణవాయువును విడదీయుదురు. అట్లు వచ్చిన ఉదజనితో చేసిన దానిని హరిత అమ్మోనియా అనుచున్నారు. సహజవాయువుతో 1 టన్ను అమ్మోనియా చేసినప్పుడు 2 టన్నులకు చేరువగా బొగ్గుపులుసు వాయువు వెలువడును. ఈ పద్ధతిలో ఆ బెడద లేదు.

రసమును బెల్లము చేసినట్లు

ఉదజని మంచి ఇంధనమే. 1 కిలో ఉదజనిలో సుమారు 3 లీటర్ల 300 మిల్లీలీటర్ల డీజిలులోని శక్తి యున్నది. మండినప్పుడు నీటి ఆవిరియే మిగులును. దాని బాధ యంతయు నిలువలోను, రవాణాలోను కలదు. అది అన్ని వాయువులలో తేలికయైనది. పీపాలో నింపవలెనన్న వందల రెట్లు ఒత్తిడి పెట్టవలెను. ద్రవముగా మార్చవలెనన్న సున్నకు దిగువ 253 డిగ్రీల వరకు చల్లార్చవలెను. అమ్మోనియాయో, సున్నకు దిగువ 33 డిగ్రీలకే ద్రవమగును. మామూలు వేడిమిలో సుమారు పది రెట్ల ఒత్తిడి చాలును. అంతకంటె వింత యేమనగా, ఒక ఘనపు మీటరు ద్రవ ఉదజనిలో సుమారు 70 కిలోల ఉదజని యుండగా, ఒక ఘనపు మీటరు ద్రవ అమ్మోనియాలో సుమారు 120 కిలోల ఉదజని ఇమిడియున్నది.

కామారెడ్డి బెల్లపు వ్యాపారమునకు పేరుగన్న ఊరు గనుక మీకు ఒక్క పోలికతో ఈ సంగతి తేటపడును. చెరకు రసము గంటలలో పులిసిపోవును. దానిని బొంబాయికి పంపవలెనన్న సాధ్యము కాదు. పెనములో కాచి బెల్లము చేసినచో నెలలు నిలుచును, ఎంత దూరమైనను పోవును. ఉదజని రసము వంటిది, అమ్మోనియా బెల్లము వంటిది. కాని బెల్లము కాచుటకు పొయ్యి మండవలెను. దూరదేశములో ఆ బెల్లమును కరిగించి తిరిగి రసము చేయవలెనన్న మరల శ్రమ, మరల ఖర్చు. గానుగ దగ్గర నిలిచియున్నవాడు రసము త్రాగగోరినచో గానుగ దగ్గరనే త్రాగును గాని, బెల్లము కాయించి, కరిగించి త్రాగడు గదా! అమ్మోనియా నుండి ఉదజని తీయు వ్యవహారములోని అర్థశాస్త్రమంతయు ఈ ఒక్క మాటలో నున్నది.

పది యూనిట్ల ప్రయాణము

ఇక లెక్కకు వత్తము. నీటినుండి 1 కిలో ఉదజని తీయుటకు 50 యూనిట్లకు పైబడి విద్యుత్తు కావలెను. 1 కిలో అమ్మోనియాలో నున్న ఉదజని 176 గ్రాములు. దీనిని తీయుటకును, గాలినుండి నత్రజనిని వేరుచేసి రెంటిని కలుపుటకును మొత్తము సుమారు 10 యూనిట్లు పట్టును. ఇట్లు తయారైన 1 కిలో అమ్మోనియాలో మిగిలియున్న శక్తి 5 యూనిట్లకు కొంచెము ఎక్కువ. అనగా బెల్లము కాచునప్పటికే సగము పోయినది.

ఈ అమ్మోనియాను తిరిగి ఉదజనిగా విడగొట్టవలెనన్న, నికెలు వంటి ఉత్ప్రేరకముపై 600 డిగ్రీలకు మించిన వేడిమిలో నడపవలెను. రుతేనియము అను లోహము వాడినచో అంత వేడిమి అక్కరలేదు గాని, ఆ లోహము మిక్కిలి ఖరీదైనది. వేడిమికి కొంత అమ్మోనియాను గాని, వచ్చిన ఉదజనిని గాని తగులబెట్టవలెను. లెక్కప్రకారము 5 కిలోల 670 గ్రాముల అమ్మోనియాలో 1 కిలో ఉదజని యున్నను, ఆ వేడిమికి, పరిశుద్ధి చేయుటలో జరుగు తరుగునకు పోగా, ఉదారముగ లెక్కించినను 1 కిలో ఉదజనికి 7 కిలోల అమ్మోనియా వెచ్చింపవలసి వచ్చును. కొన్ని రకముల ఇంధన ఘటములు ఉదజనిలో లేశమాత్రము అమ్మోనియా మిగిలినను చెడిపోవును గనుక ఈ పరిశుద్ధి తప్పనిసరి.

అట్లు వచ్చిన ఉదజనిని ఇంధన ఘటములో నుంచి విద్యుత్తుగా మార్చినచో దాని శక్తిలో సుమారు సగమే విద్యుత్తగును. మొత్తము మీద 10 యూనిట్లు పెట్టి బయలుదేరిన మనకు తుదకు చేతికి వచ్చునది 2 లేక రెండున్నర యూనిట్లు. బ్యాటరీలో 10 యూనిట్లు దాచినచో 8కి పైగా తిరిగి వచ్చును. నంద్యాల జిల్లా పిన్నాపురములో వలె నీటిని మీది జలాశయమునకు ఎత్తిపోసి, అవసరమైనప్పుడు క్రిందికి వదలు పద్ధతిలో ఏడున్నర, 8 యూనిట్లు తిరిగి వచ్చును. పగటి కరెంటును రాత్రికి దాచుకొనుటకు అమ్మోనియా దారి మనకు తగినది కాదని ఈ పోలికయే చెప్పుచున్నది.

ఒక బస్తా లెక్క

ఈ లెక్కను మన పొలమునకు తెచ్చి చూచెదము. 45 కిలోల యూరియా బస్తా తయారగుటకు సుమారు 26 కిలోల అమ్మోనియా పట్టును. ఆ బస్తా ఒక ఎకరము వరికి ఒక తడవ వేయు ఎరువునకు ఇంచుమించు సరిపోవును. అదే 26 కిలోల అమ్మోనియాను విడగొట్టినచో 3 కిలోల 700 గ్రాముల ఉదజని వచ్చును. దానినుండి పుట్టు విద్యుత్తు సుమారు 62 యూనిట్లు. 5 హార్స్‌పవర్ మోటారు గంటకు సుమారు నాలుగున్నర యూనిట్లు త్రాగును గనుక, ఆ విద్యుత్తుతో మీ బోరు 13, 14 గంటలు నడచును. అంతే. ఒక ప్రక్క ఎకరము పైరు పచ్చబడుట, మరియొక ప్రక్క ఒక దినము మోటారు నడచుట. అమ్మోనియాకు ఏ పని విలువైనదో వేరుగ చెప్పనక్కరలేదు.

రూపాయలలో చూతము. కేంద్ర ప్రభుత్వము 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయలతో జాతీయ హరిత ఉదజని కార్యక్రమమును ఆమోదించినది. అందులో భాగముగా భారత సౌర విద్యుత్ సంస్థ, అనగా సెకి, 2025లో ఎరువుల కర్మాగారములకై హరిత అమ్మోనియా సరఫరాకు వేలములు నిర్వహించినది. మొదటి వేలములో కిలో 55 రూపాయల 75 పైసలకు కుదిరినది. తరువాతి వేలములలో 50 రూపాయల పరిసరములకు దిగినది. మొదటి ధరయే పట్టినచో 26 కిలోల అమ్మోనియాకు 1,450 రూపాయలగును. దానిని 62 యూనిట్లకు పంచినచో యూనిట్టుకు 23 రూపాయలకు పైబడును. విడగొట్టు యంత్రము వెల, ఇంధన ఘటము వెల, రవాణా ఖర్చు ఇందులో చేరలేదు. దేశములో ఇటీవలి సౌర విద్యుత్ వేలములలో యూనిట్టు రెండున్నర రూపాయల పరిసరములలో దొరకినది. బ్యాటరీ జోడించినను 3, 4 రూపాయల మధ్య కుదిరినది. రెండున్నర రూపాయల సరుకును 23 రూపాయల సరుకుగా మార్చు వ్యాపారమును ఏ గృహస్థుడు చేయును?

డీజిలుతో పోల్చినచో సంగతి కొంత మారును. 7 కిలోల అమ్మోనియా 390 రూపాయలు. దాని నుండి వచ్చు 1 కిలో ఉదజనికి సరితూగు డీజిలు, లీటరు 97 రూపాయల లెక్కన, 320 రూపాయలు. అంతరము 70 రూపాయలే. పైగా ఇంధన ఘటము డీజిలు ఇంజనుకంటె తక్కువ శక్తితో బండిని లాగును. కావున దూరప్రయాణపు లారీలకు, ఓడలకు ఈ దారి అసాధ్యమని త్రోసివేయరాదు. యంత్రముల వెల తగ్గి, అమ్మోనియా వెల ఇంకను దిగినచో అట్టి దినము రావచ్చును. అమ్మోనియాను విడగొట్టకయే ఇంధనముగ వాడుటయు కొత్త సంగతి కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1943లో, డీజిలు దొరకక బెల్జియము దేశములో అమ్మోనియాతోను బొగ్గు వాయువుతోను బస్సులు నడపిరి. యుద్ధము ముగిసి డీజిలు దొరకగనే ఆ బస్సులు పాత దారి పట్టినవి. అవసరము నడపిన బండిని వెల నిలిపివేసినది.

మరి కర్మాగారములు ఏల కట్టుచున్నారు?

ఇంత నష్టమున్నచో సముద్రతీరమున అన్ని కోట్లు పెట్టి హరిత అమ్మోనియా కర్మాగారములను ఏల తలపెట్టుచున్నారని మీరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. కాకినాడలో ఏటా 10 లక్షల టన్నుల హరిత అమ్మోనియా కర్మాగారమునకు పెట్టుబడి పెట్టుటకు ఏఎమ్ గ్రీన్ సంస్థ 2024లో నిర్ణయించినది. అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్‌టీపీసీ గ్రీన్ ఎనర్జీ సంస్థ తలపెట్టిన ఉదజని కేంద్రమునకు 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిరి. ఆ కేంద్రపు అంచనా వ్యయము సుమారు 1 లక్ష 85 వేల కోట్ల రూపాయలు.

ఇవి బోరు మోటార్లను నడపుటకు గాదు. వీనికి రెండు విపణులు కలవు. ఒకటి విదేశములు. జర్మనీ, జపాను వంటి దేశములకు కావలసినంత సూర్యరశ్మి, చాలినంత భూమి లేవు. వారికి బయటినుండి శక్తి రావలెను. సముద్రము దాటించుటకు విద్యుత్ తీగెలు లేవు, బ్యాటరీలు మోయరానంత బరువు. అచ్చట బెల్లమే గతి. పోయినది పోగా మిగిలినదైనను వారికి లాభమే. అందుచేతనే కర్మాగారములు రేవుల చెంత వెలయుచున్నవి.

రెండవ విపణి మన ఎరువులే. సెకి వేలములు దేశములోని 13 ఎరువుల కర్మాగారములకు ఏటా 7 లక్షల 24 వేల టన్నుల అమ్మోనియా సరఫరాకై జరిగినవి. ఇచ్చట అమ్మోనియాను విడగొట్టు పనియే లేదు. బెల్లమును బెల్లముగానే తినుట వంటిది. అందుకే ఈ వాడుక ముందు నిలిచినది. అయినను ప్రభుత్వము మొదటి సంవత్సరము కిలోకు 8 రూపాయల 82 పైసలు, రెండవ సంవత్సరము 7 రూపాయల 6 పైసలు, మూడవ సంవత్సరము 5 రూపాయల 30 పైసలు చొప్పున ప్రోత్సాహకము ప్రకటింపవలసి వచ్చినది.

ఇందులో యూరియా ఆశ పెట్టుకొన్నవారు ఒక సూక్ష్మమును గమనింపవలెను. యూరియా తయారగుటకు అమ్మోనియాతో పాటు బొగ్గుపులుసు వాయువు కూడ కావలెను. సహజవాయువు కర్మాగారములో అది తనంతట వచ్చును. నీటినుండి ఉదజని తీసినప్పుడు అది రాదు. కావున హరిత అమ్మోనియా మొదట డీఏపీకి, కాంప్లెక్స్ ఎరువులకు పోవును. యూరియా వరుసలు దీనివలన రేపే తగ్గునని తలపరాదు.

మన ఊరి భూమి, మన ఊరి నీరు

ఇక మన ఊరి మాట. 1 మెగావాటు సౌర విద్యుత్ కేంద్రమునకు 4, 5 ఎకరముల భూమి కావలెను. ఏటా సుమారు 16 లక్షల యూనిట్లు పుట్టును. ఆ విద్యుత్తుతో కాగితముపై 160 టన్నుల అమ్మోనియా చేయవచ్చును. 55 రూపాయల 75 పైసల లెక్కన దాని విలువ 89 లక్షల రూపాయలు. అదే విద్యుత్తును రెండున్నర రూపాయలకు అమ్మినచో 40 లక్షలు. ఈ రెండు అంకెలను చూపి, అమ్మోనియాయే లాభమని ఎవరైన మీకు చెప్పవచ్చును. ఆ 49 లక్షల తేడాయే యంత్రములకు, మనుష్యులకు, వడ్డీకి, మరమ్మతులకు సరిపోవలెనని మరువకుడు. ఏడాదిలో 8,760 గంటలుండగా, 16 లక్షల యూనిట్లనగా 1 మెగావాటు యంత్రము నిండుగ నడచునది 1,600 గంటలే. అయిదింట నాలుగు పాళ్ల కాలము యంత్రము ఊరకుండును, వడ్డీ మాత్రము ఊరకుండదు. అదిగాక అమ్మోనియా కొలిమిని ఉదయము వెలిగించి సాయంత్రము ఆర్పుట తేలిక కాదు. అందుచేత పెద్ద కర్మాగారములు సౌరశక్తికి గాలి విద్యుత్తును, నీటి నిలువను జోడించి రాత్రింబగళ్లు నడపుటకు యత్నించుచున్నవి. గ్రామమునకొక చిన్న కర్మాగారము ఇట్లు నిలువజాలదు.

సౌర విద్యుత్తును విద్యుత్తుగానే అమ్ముట సులువు. 2019లో ఆరంభమైన కుసుమ్ పథకమున సబ్‌స్టేషనుకు చేరువనున్న భూములలో 500 కిలోవాట్ల నుండి 2 మెగావాట్ల వరకు సౌర కేంద్రములు స్థాపించుటకు రైతులతోను, సహకార సంఘములతోను పాటు పంచాయతీలకు సైతము అవకాశము కల్పింపబడినది. మన వంటి చోట గానుగ దగ్గర రసము త్రాగుట యనగా ఇదియే.

నీటిని గూర్చి కూడ నిజము చెప్పవలెను. 1 టన్ను అమ్మోనియాకు కావలసిన ఉదజని తీయుటకు కనీసము 1,600 లీటర్ల నీరు పట్టును. శుద్ధికి, చల్లార్చుటకు మరికొంత కావలెను. ఒక ఎకరము వరి పంటకు సుమారు 50 లక్షల లీటర్లు పట్టునని తలచినచో ఇది పెద్ద మొత్తము గాదు. కావున నీరంతయు కర్మాగారమే త్రాగివేయునను భయము అతిశయోక్తి. కాని పైరు నీరు వానలలోను, నిజాంసాగరు, పోచారము కాలువలలోను ఆధారపడి ఋతువును బట్టి వచ్చునది. కర్మాగారపు నీరు ఎండకాలములో సైతము దినదినమును తోడవలసినది. బోర్లు ఎండు ఊరిలో ఈ భేదము చిన్నది కాదు.

అపాయమును గూర్చి

అమ్మోనియా విషవాయువు. పది లక్షల పాళ్ల గాలిలో 300 పాళ్లు చేరినచో ప్రాణాపాయము. అది కండ్లను, ఊపిరితిత్తులను కాల్చును. దాని ఘాటైన వాసన అంతకు ఎంతో ముందే తెలియుట ఒక మేలు. శీతల గిడ్డంగులలో ఇప్పటికే దీనిని వాడుచున్నారు. లీకైనప్పుడు గాలి వీచు దిక్కునకు అడ్డముగా నడచి దూరముగ పోవలెను. తడిగుడ్డ ముక్కునకు, నోటికి కప్పుకొనవలెను. కండ్లను ధారాళమైన నీటితో కడుగవలెను. తగిన దుస్తులు, ముసుగు లేనివారు లీకు దగ్గరకు పోరాదు. అమ్మోనియా నిలువయుండు చోటు బడికిని, నివాసములకును దూరముగా నుండవలెననుటకు వేరే కారణము అక్కరలేదు.

మీరు అడుగవలసిన ప్రశ్నలు

అమ్మోనియా పేరనో, ఉదజని పేరనో మీ గ్రామమునకు ఎవరైన భూమి కొరకు వచ్చినచో కోపింపవద్దు, పరవశింపను వద్దు. కూర్చుండబెట్టి ఈ ప్రశ్నలు అడుగుడు.

మొదటిది: ఎన్ని యూనిట్లు పెట్టి ఎన్ని యూనిట్లు తీయుదురు? జవాబు అంకెలలో రావలెను.

రెండవది: తయారైన అమ్మోనియాను ఎవరు కొందురు, ఎన్ని సంవత్సరములకు, ఏ ధరకు? కొనుగోలు ఒప్పందము వ్రాతమూలకముగ నున్నదా?

మూడవది: ప్రభుత్వ ప్రోత్సాహకము ముగిసిన తరువాత, నాలుగవ సంవత్సరములో, లెక్క ఎట్లుండును? కౌలు ఆగిపోయినచో భూమి ఎవరి చేతికి, ఏ స్థితిలో వచ్చును?

నాలుగవది: ఎండకాలములో నీరు ఎచ్చటినుండి తెచ్చెదరు?

అయిదవది: లీకైనచో గ్రామమును హెచ్చరించునది ఎవరు, ఎట్లు? ఆ ఏర్పాటు ముందే జరుగునా?

ఈ జవాబులను గ్రామసభలో అందరి యెదుట చదివించి, కాగితముపై వ్రాయించి, ఆ తరువాతనే తీర్మానము చేయుడు. జవాబులు సరిగ నున్నచో మేలు చేయు పనిని కాదనరాదు. జవాబులు రానిచో తొందరపడరాదు.

తుదకు ఒక్క మాట. అమ్మోనియా మన కండ్లయెదుటనే వృథాయగు చోటు ఒకటి కలదు. అది మన పొలమే. వరిమడిలో వేసిన యూరియాలోని నత్రజనిలో పైరునకు అందునది తరచుగా సగములోపే. మిగిలిన దానిలో కొంత అమ్మోనియా వాయువై గాలిలో కలియును, కొంత నీటివెంట పోవును. నిలువ నీటిలో చల్లక, నీరు తీసి బురద పదునులో వేసి మరల నీరు పెట్టినను, ఒకేసారి గాక మూడు తడవలుగ పైరు వయస్సును బట్టి వేసినను, భూసార పరీక్ష చేయించి అవసరమైనంతయే వేసినను ఈ నష్టము తగ్గును. ఇట్లు మిగిలిన ఒక్క బస్తాలోని అమ్మోనియాను సూర్యరశ్మితో తిరిగి చేయవలెనన్న 260 యూనిట్ల విద్యుత్తు కావలెను. ఆ బస్తాను పొలములోనే మిగుల్చుకొన్న రైతు ఏ కర్మాగారము కట్టకయే అంత విద్యుత్తును ఆదా చేసినవాడగును. వచ్చు సాగులో ఎవరి చెప్పులును వరుసలో నుండనక్కరలేకుండ చేయుటకు మన చేతిలోనున్న తొలి ఉపాయము ఇదియే. మీ గ్రామసభలలో ముందు ఈ లెక్కను చర్చింపుడని మనవి చేయుచు సెలవు తీసికొనుచున్నాను.